లూపస్ మందుల రివ్యూ: శ్రీకాకుళంలోనే నడిచేవి, విశాఖ బస్సెక్కించేవి

లూపస్ అంటే రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు. అది ఉన్నవాళ్ల మందుల చీటీ ఎవరిది చూసినా దాదాపు ఒకే వరస. పైన హెచ్‌సీక్యూఎస్ 200, దాని కింద వైసొలోనో ఓమ్నాకార్టిలో (రెండూ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడే), ఆ కింద కాల్షియం బిళ్ల, గ్యాస్ బిళ్ల. జబ్బు తీరును బట్టి మధ్యలో ఇంకో పెద్ద మందు. నెలాఖర్లో డబ్బులు చాలక ఏదో ఒకటి మానాల్సి వస్తే చాలామంది కొట్టేసేది పై లైన్నే. వేసుకున్నా తేడా తెలీదు, మానినా తేడా తెలీదు కదా అని. వైసొలోన్ జోలికి మాత్రం ఎవరూ పోరు. రెండో రోజుకే కీళ్లు వదులవుతాయి, ఆకలి పుడుతుంది. ఈ రివ్యూ అంతా ఆ రెండు లైన్ల తగువే. ఒంటికి తెలియకుండా పనిచేసేది జీవితాంతం ఉంచుకోవాల్సిన మందు. వేసిన వెంటనే తెలిసేది వీలైనంత తొందరగా తగ్గించుకోవాల్సిన మందు.

మార్కులు వేసే పద్ధతి ముందే చెప్పాలి. మందు ఎంత బలమైందన్నది సగమే. దానికి కావాల్సిన పరీక్షలు శ్రీకాకుళం, విజయనగరం పరిధిలో అవుతాయా, స్టాకు తెగితే ఏమవుతుంది, జనం ఎక్కడ తప్పు చేస్తున్నారు అన్నది మిగతా సగం. డోసుల లెక్కలు డాక్టరు రాసింది అర్థం చేసుకోడానికి, అడగాల్సింది అడగడానికి. సొంతంగా మార్చుకోడానికి కాదు.

హెచ్‌సీక్యూ: పదికి తొమ్మిదిన్నర

చీటీలో పై లైను ఇదే. పూర్తి పేరు హైడ్రాక్సీక్లోరోక్విన్. మలేరియా మందుల జాతిది కాబట్టి “మలేరియా లేందే ఈ బిళ్లెందుకు” అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. లూపస్‌లో దీని పని వేరు. జబ్బు మళ్లీ మళ్లీ ఎగదన్నకుండా చూస్తుంది, కిడ్నీకి కాపు కాస్తుంది, రక్తం గడ్డకట్టే ముప్పును కొంత తగ్గిస్తుంది. ప్రత్యేకంగా అడ్డు ఏదీ లేకపోతే లూపస్ ఉన్న ప్రతి ఒక్కరికీ రాయాల్సిన మందు ఇది. గుణం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నెల రోజులు మింగి “పనిచెయ్యట్లేదు” అని ఆపేయడం మొదటి తప్పు. ఒంట్లోంచి పోవడమూ నెమ్మదే. సగం మందు పోవడానికే నెల పైన పడుతుంది. అందుకే మానిన మొదటి నెల్లో ఏమీ కాదు. మూడో నెలకో నాలుగో నెలకో ముఖం మీద ఎర్రమచ్చలు తేలతాయి, వేళ్ల కణుపులు ఉబ్బుతాయి. అప్పటికి మందు మానిన సంగతే గుర్తుండదు. నెపం నిన్న తిన్న వంకాయ మీదకో రొయ్యల మీదకో పోతుంది.

డోసు బరువును బట్టి. కిలోకి రోజుకు 5 మి.గ్రా. దాటకూడదు, ఎంత బరువున్నా రోజుకు 400 దాటకూడదు. 45 కిలోల మనిషికి రోజూ రెండు 200 బిళ్లలు నెలల తరబడి నడిస్తే అది హద్దు దాటినట్టే. వారం లెక్క వేసుకుంటే తేలిక. బరువును 35తో హెచ్చవేసి 200తో భాగిస్తే వారానికి ఎన్ని 200 బిళ్లలో తేలుతుంది. 48 కిలోలైతే 1680. అంటే ఎనిమిది బిళ్లలు. రోజూ ఒకటి, ఆదివారం మాత్రం రెండు. 58 కిలోలైతే పది బిళ్లలు. రోజూ ఒకటి, వారంలో మూడు రోజులు రెండేసి. భిన్నం మిగిలితే కిందికే దించాలి. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకు ఇంకా తగ్గించాలి, ఆ పని డాక్టరుది.

ఖాళీ కడుపుతో వేస్తే వికారం వస్తుంది. అన్నం తిన్నాక వేసుకుంటే చాలామందికి ఆ బాధ ఉండదు. గులాబీ రంగు గ్యాస్ టానిక్ తాగే అలవాటుంటే దానికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉంచాలి. లేకపోతే మందు ఒంటికి పట్టదు. షుగరు మందులు వాడేవాళ్లకు షుగరు కాస్త కిందికి దిగొచ్చు. కొన్నేళ్లకు కాళ్ల మీద, చిగుళ్ల మీద నల్లటి మచ్చలు రావచ్చు. అది ప్రమాదం కాదు, కానీ పెళ్లికావాల్సిన పిల్లలకు ముందే చెప్పకపోతే మందు మీద నమ్మకం పోతుంది.

అందరూ భయపడేది కళ్లకు. భయం నిజమే గానీ లెక్క తప్పు. డోసు హద్దులో ఉంటే మొదటి ఐదేళ్లలో రెటీనా (కంటి లోపలి తెర) దెబ్బతినడం అరుదు. మొదటి ఏడాదిలోపు ఒకసారి చూపించుకోవాలి, ఐదేళ్లు దాటాక ఏటా. కిడ్నీ జబ్బున్నవాళ్లు, రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ వాడేవాళ్లు ఐదేళ్లు ఆగకూడదు. చూపించుకోవడం అంటే కళ్లజోడు నంబరు కాదు, టార్చిలైటు పరీక్ష కాదు. రెటీనా పొరలను చూసే ఓసీటీ స్కాను, దానితోపాటు చూపు ఎంత మేర అందుతుందో చూసే విజువల్ ఫీల్డ్ పరీక్ష. ఆసియా వాళ్లలో నష్టం చూపు నడిమధ్యలో కాకుండా కాస్త పక్కన మొదలవుతుంది కాబట్టి నడిమి చూపునే చూసే 10-2 ఫీల్డు ఒక్కటే సరిపోదు, ఇంకాస్త వెడల్పుగా చూసే 24-2 కూడా చేయమని అడగాలి. ఆ రెండూ చేయని కంటి క్యాంపు రిపోర్టు ఈ మందుకు పనికిరాదు. విశాఖలోని ఎల్వీ ప్రసాద్ లాంటి కంటి ఆసుపత్రికి ఏడాదికి ఒక రోజు కేటాయిస్తే సరిపోతుంది. అర మార్కు కోసింది ఈ ప్రయాణానికే.

ఇంకో మాట. 2020 మార్చిలో కరోనాకు పనిచేస్తుందన్న ప్రచారంతో ఈ బిళ్ల కోసం జనం ఎగబడ్డారు. కేంద్రం దీన్ని చీటీ లేకుండా అమ్మకూడని హెచ్1 మందుల నిబంధన కిందకు తెచ్చింది. ఇప్పుడు దొరకడం కష్టం కాదు. షాపులో చూసుకోవాల్సింది పేరు. “అదే మందండీ” అని క్లోరోక్విన్ ఇస్తే తీసుకోకండి. రెండూ చుట్టాలే గానీ క్లోరోక్విన్ కళ్లకు ఎక్కువ చేటు, డోసు లెక్క కూడా వేరు.

స్టెరాయిడ్: ఫైరింజను

ఇల్లు అంటుకున్నప్పుడు ఫైరింజను రావాల్సిందే. మంటలారాక కూడా గుమ్మం ముందు అది నిలబడే ఉంటే తలుపులూ గోడలూ నానిపోతాయి. ప్రెడ్నిసొలోన్‌తో జరిగేది సరిగ్గా ఇదే. గుండె చుట్టూ నీరు చేరినప్పుడు, ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు, కిడ్నీ మీదకు వచ్చినప్పుడు దీన్ని మించింది లేదు. బాగా ముదిరితే ఆసుపత్రిలో చేర్చి మిథైల్ ప్రెడ్నిసొలోన్ 250 నుంచి 1000 మి.గ్రా. దాకా మూడు రోజులు సెలైన్లో ఎక్కిస్తారు. ఆ తర్వాత లక్ష్యం రోజుకు 5 మి.గ్రా. లేదా అంతకంటే తక్కువ, వీలైతే సున్నా. యూరప్ రుమటాలజీ సంఘం 2023 సూచనల్లోని అంకె అదే. ఏడాదిగా మీ చీటీలో 10 మారకుండా ఉంటే తర్వాతి ఓపీలో అడగాల్సిన మొదటి ప్రశ్న “ఇది తగ్గించడానికి తోడు మందు ఏది?”

పేర్లు మారితే లెక్క తప్పుతుంది. ప్రెడ్నిసొలోన్ 5, మిథైల్ ప్రెడ్నిసొలోన్ 4, డెఫ్లాజాకార్ట్ 6 మి.గ్రా. మూడూ ఒకటే బలం. డెక్సామెథాసోన్ అయితే 0.75 చాలు. ఇప్పుడు ఊళ్లో ఆర్ఎంపీ ఒళ్లు నొప్పులకు వేసే డెక్సా 2 మి.లీ. ఇంజక్షన్ లెక్క చూడండి. అందులో 8 మి.గ్రా. ఉంటుంది. అంటే ఒక్క సూదితో యాభై మి.గ్రా.కి పైగా వైసొలోన్ ఒంట్లోకి పోయినట్టు. ఆరు నెలలు కష్టపడి 7.5కి దించుకున్న మనిషి ఒక్క జ్వరానికి మూడు సూదులు వేయించుకుంటే ఆ కష్టమంతా ఏట్లో కలుస్తుంది. సంతలో అమ్మే కీళ్లనొప్పుల పొడులదీ ఇదే అనుమానం. పేరు తెలియని పొడి మూడు రోజుల్లో నొప్పులన్నీ తీసేసిందంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చనే అనుకోవాలి.

వేసుకునేది పొద్దున టిఫిన్ తర్వాత. రాత్రి వేస్తే నిద్ర పట్టదు. మూడు వారాలకు పైగా వాడాక ఒక్కసారిగా ఆపకూడదు. ఒంట్లో సహజంగా ఊరే స్టెరాయిడ్ అప్పటికి నిద్రపోయి ఉంటుంది. వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదకే వస్తుంది. ఉద్దానం, తీరం వైపు వాళ్లు అక్టోబరు మొదట్లోనే పదిహేను రోజుల బిళ్లలు అదనంగా తెచ్చి పెట్టుకోవడం మంచిది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, రోడ్లు లేవు. తుపాను మళ్లీ రాదని ఎవరూ రాసివ్వలేరు.

పెద్ద డోసు మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ బీ, సీ, హెచ్‌ఐవీ పరీక్షలు అయ్యాయో లేదో చూసుకోవాలి. చెప్పుల్లేకుండా పొలంలో దిగేవాళ్లకు స్ట్రాంగైలాయిడిస్ అనే నులిపురుగు ఒంట్లో దాక్కుని ఉండొచ్చు. స్టెరాయిడ్ పడగానే అది ఒళ్లంతా పాకుతుంది. మామూలు నులిపురుగుల బిళ్ల దానికి నమ్మకంగా పనిచేయదు, ఐవర్‌మెక్టిన్ కావాలి. ఊడుపులకు వెళ్లే వాళ్లయితే ఆ మాట డాక్టరుతో చెప్పండి.

కిడ్నీ మీదకు వస్తే

ఇక్కడ మన జిల్లాకే ఉన్న ఒక చిక్కుంది. పలాస, కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బు అనగానే అందరి నోటా ఉద్దానమే. ఇరవై రెండేళ్ల అమ్మాయికి కాళ్లు వాచినా అదే ముద్ర పడే ప్రమాదం ఉంది. రెండూ వేరు. ఉద్దానం జబ్బులో మూత్రంలో ప్రొటీన్ మామూలుగా తక్కువే పోతుంది, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థం) మెల్లగా పెరుగుతుంది. లూపస్‌లో ముందు ప్రొటీన్ పోతుంది. మూత్రం నురగ కడుతుంది, పొద్దున కళ్ల కింద ఉబ్బుతుంది. క్రియాటినిన్ పెరిగేది ఆ తర్వాతే. కాబట్టి క్రియాటినిన్ ఒక్కటే చేయించుకుని “నార్మల్” అని ఇంటికి రావడం పనికిరాదు. పొద్దున మొదటి మూత్రంతో ప్రొటీన్–క్రియాటినిన్ నిష్పత్తి చేయించాలి. నెలసరి రోజుల్లో ఇవ్వకూడదు, అంకె తప్పుగా పెరుగుతుంది. 0.5 దాటి నిలబడితే బయాప్సీ (కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూడటం) మాట వస్తుంది. ముద్ర మారితే వైద్యమే మారిపోతుంది. ఉద్దానం జబ్బును నయం చేసే మందు లేదు. లూపస్ కిడ్నీకి ఉంది, సమయానికి పడితే కిడ్నీ నిలబడుతుంది.

బయాప్సీలో క్లాస్ 3 లేదా 4 అని వస్తే స్టెరాయిడ్‌తోపాటు రెండు దారులు. మైకోఫెనొలేట్ బిళ్లలు, లేదా సైక్లోఫాస్ఫమైడ్ సెలైన్.

మైకోఫెనొలేట్ మోఫెటిల్ 500 బిళ్లలు రోజుకు నాలుగు నుంచి ఆరు, రెండు పూటలా. ఒకేసారి పూర్తి డోసు మొదలుపెడితే విరేచనాలు పట్టుకుని మూడో రోజుకే మానేస్తారు. పూటకొకటితో మొదలుపెట్టి వారానికో బిళ్ల పెంచుకుంటూ పోతే చాలామందికి సర్దుకుంటుంది. షాపులో మైకోఫెనొలేట్ సోడియం 360 ఇస్తే గాభరా వద్దు, ఒక 500కి ఒక 360 సమానం. కానీ రెండూ కలిపి వాడకూడదు, అలా మారిన సంగతి డాక్టరుకు చెప్పాలి. కడుపులో బిడ్డకు ఈ మందు గట్టి హాని చేస్తుంది. గర్భం ఆలోచన ఉంటే కనీసం ఆరు వారాల ముందే మార్పించుకోవాలి.

సైక్లోఫాస్ఫమైడ్ పేరు వినగానే “క్యాన్సర్ మందు” అని బెదిరిపోతారు. యూరో లూపస్ పద్ధతిలో ఇచ్చేది పదిహేను రోజులకోసారి 500 మి.గ్రా. చొప్పున ఆరుసార్లు. మొత్తం మూడు గ్రాములు. సంతానం మీద దెబ్బ ప్రధానంగా పాత పద్ధతి పెద్ద డోసులది, ఈ మొత్తానికి ఆ ముప్పు చాలా తక్కువ. పొద్దున పూటే ఎక్కించుకుని ఆ రోజంతా నీళ్లు బాగా తాగి, మూత్రం ఆపుకోకుండా పోస్తుండాలి. మందు మూత్రసంచిలో నిలవుంటే రక్తం పడుతుంది. కాళ్లవాపులకు నీళ్లు తగ్గించమని చెప్పి ఉంటే ఆ రోజు ఎంత తాగాలో అడిగి తెలుసుకోవాలి. ప్రతి డోసుకు ముందు సీబీసీ, అంటే రక్తకణాల లెక్క పరీక్ష, తప్పదు.

రెండింట్లో ఏది మేలంటే గుణంలో పెద్ద తేడా లేదు. నమ్మకంగా రోజూ బిళ్లలు వేసుకునే మనిషైతే మైకోఫెనొలేట్. ఇంట్లో పొయ్యీ పిల్లలూ పొలమూ అన్నీ మీద పడి మధ్యాహ్నం మందు రాత్రి, రాత్రి మందు మర్నాడు వేసుకునే మనిషైతే, మొహమాటం లేకుండా ఆరు సెలైన్లే మేలు. పదిహేను రోజులకోసారి నర్సు చేతిలో పడితే డోసు తప్పదు. ఖర్చూ తక్కువ. కిడ్నీ డాక్టరు రాసిచ్చిన ప్లాను ఉంటే ఈ సెలైన్ జిల్లా ఆసుపత్రుల స్థాయిలో ఎక్కించగలిగేదే. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చాక ఉత్తరపు మండలాల వాళ్లకు నెఫ్రాలజిస్టు కోసం విశాఖ దాకా పోయే తిప్పలు కొంత తగ్గాయి.

టాక్రోలిమస్ కలిపితే ప్రొటీన్ తొందరగా తగ్గుతుంది, గర్భంలోనూ వాడతారు. చిక్కంతా రక్తంలో మందు మట్టం చూసే పరీక్షతో. రాత్రి డోసు వేసి పన్నెండు గంటలయ్యాక, పొద్దున బిళ్ల మింగకముందు రక్తం ఇవ్వాలి. అలవాటుగా బిళ్ల మింగేసి ల్యాబుకు పోతే మట్టం ఎక్కువగా కనిపించి, డాక్టరు ఉన్న డోసే తగ్గించేస్తాడు. ఊదారంగు మూత గొట్టంలోనే తీయాలి. కలెక్షన్ సెంటర్లో ఇస్తే శాంపిలు బయటి ఊరికి పోయి రిపోర్టు ఆలస్యంగా వస్తుంది. అందుకే మందుకు మంచి మార్కులు, ఇక్కడి సదుపాయానికి పాస్ మార్కులే.

తోడు మందులు, ఖరీదైన ఇంజక్షన్లు

అజాథయోప్రిన్ పాతది, చవకది, గర్భంలో వాడదగ్గది. జాతీయ అత్యవసర మందుల పట్టికలో ఉంది. మొదలుపెట్టిన రెండో వారంలో సీబీసీ చేయించకపోవడమే దీనితో జరిగే పెద్ద పొరపాటు. మనవాళ్లలో కొందరికి నడ్‌టీ15 (NUDT15) అనే జన్యువులో తేడా ఉంటుంది. వాళ్లకు మామూలు డోసుకే తెల్లకణాలు కుప్పకూలతాయి. మొదటి నెలలోనే జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడితే అది లూపస్ అనుకోకుండా ఆ రోజే తెల్లకణాలు చూపించుకోవాలి. యూరిక్ యాసిడ్‌కు వాడే ఫెబక్సోస్టాట్, అలోప్యూరినాల్ దీనితో కలిస్తే విషమే.

మెథోట్రెక్సేట్ కీళ్లకు, చర్మానికి బాగుంటుంది. వారానికి ఒక్క రోజే. రోజూ మింగి ఐసీయూ పాలైన సంఘటనలు ఈ మందు చరిత్ర నిండా ఉన్నాయి. చీటీ మీద వారం పేరు తెలుగులో రాయించుకోండి.

రిటుక్సిమాబ్‌కు మన దేశంలో 2007 నుంచే బయోసిమిలర్ (అసలు మందును పోలిన మరో కంపెనీ మందు) ఉంది. మిగతావి పనిచేయనప్పుడు రెండు వారాల ఎడంతో గ్రాము చొప్పున రెండుసార్లు ఇస్తారు. హెపటైటిస్ బీ చూడకుండా ఎక్కించుకోకూడదు. బెలిమ్యుమాబ్‌కు 2011లో, అనిఫ్రోలుమాబ్‌కు 2021లో అమెరికా అనుమతి వచ్చింది. రెండూ మంచివే. కానీ హెచ్‌సీక్యూ సక్రమంగా వేసుకోని మనిషికి లక్షల ఇంజక్షన్ రాయడం అంటే చిల్లు పూడ్చకుండా బిందె నింపడం.

ఎండ, అరసవల్లి, బస్సు సీటు

ఆరోగ్యం కోసం సూర్యుణ్ణి మొక్కే ఊరు మనది. “ఆరోగ్యం భాస్కరాదిచ్ఛేత్” అని అరసవల్లిలో రథసప్తమికి గంటల తరబడి ఎండలో వరసలో నిలబడతారు. లూపస్ ఉన్నవాళ్లకు మాత్రం ఆయన దూరంనుంచి మొక్కాల్సిన దేవుడు. అతినీలలోహిత కిరణాలు చర్మాన్నే కాదు, లోపలి జబ్బునూ లేపుతాయి. దర్శనం మానక్కర్లేదు, తెల్లవారుజామున పొండి.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 50, పీఏ ప్లస్‌లు మూడు ఉన్నది చాలు. ఎక్కువమంది తప్పేది రకంలో కాదు, పరిమాణంలో. చూపుడువేలు, నడిమివేలు నిండా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకీ సరిపోతుంది. బఠాణీ గింజంత రాస్తే రాయనట్టే. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ. బస్సు కిటికీ అద్దం అన్ని కిరణాలనూ ఆపదు. శ్రీకాకుళం నుంచి విశాఖకు పొద్దున పోయేటప్పుడు, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు, రెండుసార్లూ ఎండ ఎడమ కిటికీలకే కొడుతుంది. డ్రైవరు వెనక వరసలో కూర్చోండి.

గర్భం, జ్వరం

జబ్బు ఆరు నెలలు సద్దుమణిగి ఉన్నాకే గర్భం. హెచ్‌సీక్యూ ఆపకూడదు. కడుపుతో ఉన్నప్పుడు ఇంట్లోవాళ్లు ముందుగా ఆపించేది దీన్నే, ఆపితే తల్లీబిడ్డా ఇద్దరికీ ముప్పు. బీపీకి, ప్రొటీన్‌కు వాడే రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటివి మార్పించుకోవాలి. రక్తంలో యాంటీ రో అనే యాంటీబాడీ పాజిటివ్ అయితే పదహారో వారం నుంచి బిడ్డ గుండె స్కాను సంగతి అడగాలి.

జ్వరం వస్తే అది లూపసా, ఇన్‌ఫెక్షనా అన్నది ఇంట్లో తేలేది కాదు. వానాకాలంలో ప్లేట్‌లెట్లు తగ్గితే డెంగీ అంటారు, లూపస్‌లోనూ తగ్గుతాయి. ఒంట్లో మంటను చూపే రెండు రక్తపరీక్షల్లో ఒక చిన్న ఆనవాలు: ఈఎస్‌ఆర్ పెరిగి సీఆర్పీ పెద్దగా పెరగకపోతే లూపస్ వైపు, సీఆర్పీ కూడా బాగా పెరిగితే ఇన్‌ఫెక్షన్ వైపు మొగ్గు. తేల్చేది డాక్టరే. హెచ్‌సీక్యూ వాడుతున్నాం కదా మలేరియా రాదనుకోవడం కూడా తప్పు. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలో తిరిగొస్తే మలేరియా పరీక్ష చేయించాల్సిందే. నొప్పికి డైక్లోఫెనాక్ వద్దు, పారాసిటమాల్ చాలు. సల్ఫా మందులు కొందరిలో జబ్బును రేపుతాయి, చీటీలో సెప్ట్రాన్ కనిపిస్తే లూపస్ ఉందని చెప్పండి. తిప్పతీగ కషాయం రోగనిరోధక శక్తిని పెంచుతుందంటారు. లూపస్‌లో ఉన్న గొడవే ఆ శక్తి సొంత ఒంటి మీద తిరగబడటం, ఇంకా రెచ్చగొట్టడం దేనికి?

ఎక్కడికి పోవాలి

కీళ్లనొప్పులని ఎముకల డాక్టరు దగ్గరే ఏళ్లు గడపొద్దు. ఈ జబ్బు రుమటాలజిస్టుది, అంటే కీళ్లవాతం, లూపస్ లాంటివి చూసే డాక్టరుది. విశాఖలో ఉన్నారు, హైదరాబాద్ నిమ్స్‌లో ప్రత్యేక విభాగమే ఉంది. మూడు నెలలకోసారి వాళ్లు, మధ్యలో శ్రీకాకుళం, విజయనగరం మెడికల్ కాలేజీ ఆసుపత్రుల జనరల్ మెడిసిన్ ఓపీ. ఈ జోడు కుదిరితే ఏడాదికి నాలుగు ప్రయాణాలతో బండి నడుస్తుంది. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ముందుగా ఆరోగ్యమిత్ర దగ్గర కార్డు చూపించి ఏది వర్తిస్తుందో రాయించుకోండి.

లూపస్‌ను పట్టడానికి మొదట చేసే ఏఎన్ఏ రక్తపరీక్ష ఒకసారి ఇమ్యునోఫ్లోరసెన్స్ పద్ధతిలో పాజిటివ్ వచ్చాక మళ్లీ మళ్లీ చేయించడం దండగ. మళ్లీ చూడాల్సినవి సీబీసీ, క్రియాటినిన్, మూత్రం, జబ్బు జోరు చెప్పే సీ3, సీ4, యాంటీ డీఎస్ డీఎన్ఏ. ఫైల్లో పాత రిపోర్టులు తారీఖు వరసన, బయాప్సీ కాగితం అన్నిటికన్నా పైన. వాడుతున్న బిళ్లల ఖాళీ స్ట్రిప్పులు ఒక కవర్లో వేసి పట్టుకెళ్లండి. “తెల్ల బిళ్ల, చిన్నది” అంటే ఈ మందుల్లో సగం తెల్లవీ చిన్నవే.